చలికాలమంతా ట్రెయిలర్ ఓపెన్ లాట్‌లోనే: మిన్నెసోటా చలికి ఏమేం చేయాలి?

కొత్త_బండి (మేపుల్ గ్రోవ్, మిన్నెసోటా), అక్టోబరు 6

అందరికీ నమస్కారం. ఈ వేసవిలో 22 అడుగుల ట్రావెల్ ట్రెయిలర్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. పిల్లలతో లేక్ సుపీరియర్ ఒడ్డు వెంబడి నార్త్ షోర్ అంతా తిరిగాం, బ్యాడ్‌ల్యాండ్స్ చూసొచ్చాం. ఇల్లు కొన్నప్పుడు కూడా ఇంట్లో ఇంత సందడి లేదు. ఇప్పుడు చలికాలం వచ్చేస్తోంది, అసలు సమస్య మొదలైంది.

మా కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) వాళ్ళు డ్రైవ్‌వేలో పెట్టుకోనివ్వరు. షెడ్డు లోపల పెట్టే స్టోరేజీలు చాలావరకు నిండిపోయాయి, మిగిలినవాటి అద్దె మాకు అందేలా లేదు. చివరికి ఊరి బయట కంకర పరిచిన ఓపెన్ లాట్‌లో చోటు దొరికింది. కంచె ఉంది, కెమెరాలున్నాయి, కరెంటు మాత్రం లేదు. ఈ నెలాఖరు నుంచి ఏప్రిల్ దాకా బండి అక్కడే.

జనవరిలో మైనస్ 20 ఫారెన్‌హీట్ ఇక్కడ కొత్తేం కాదు. బండి అమ్మినాయన "నీళ్ళు వదిలేసి పైపులు గడ్డకట్టి పగలకుండా ఆ గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పోస్తే చాలు" అన్నాడు. నిజంగా అంతేనా? కవర్ కొనాలా వద్దా? కప్పు మీద రెండడుగుల మంచు పడితే? బ్యాటరీ సంగతేంటి? పడుకుంటే ఇదే టెన్షన్. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఉత్తర_తీరం (డులూత్), అక్టోబరు 6

ఆయన చెప్పింది తప్పు కాదు గానీ సగమే. ఉత్త చలికి ట్రెయిలర్ పాడైపోదండి. పాడు చేసేది నీళ్ళు. లోపల ఎక్కడో మిగిలిపోయిన నీళ్ళు, పైనుంచి దిగే నీళ్ళు. గడ్డకట్టిన నీరు సుమారు 9 శాతం పెరుగుతుంది. పెక్స్ అనే ప్లాస్టిక్ పైపు కాస్త సాగి తట్టుకుంటుందేమో గానీ, మూలల్లో ఉండే ఎల్బోలు, పంపు తల, టాయిలెట్ వెనక వాల్వ్ పగులుతాయి. అది జనవరిలో మీకు తెలియదు. వసంతంలో నీళ్ళు పెట్టాక గోడ వెనక కారుతుంటే తెలుస్తుంది.

ముందు బ్లాక్ ట్యాంకు (టాయిలెట్ మురుగు), గ్రే ట్యాంకు (సింకు, షవర్ నీళ్ళు) డంప్ స్టేషన్‌లో పూర్తిగా ఖాళీ చేసి కడగండి. ఫ్రెష్ వాటర్ ట్యాంకు వదిలేయండి. తర్వాత వాటర్ హీటర్. ఇక్కడ తొందర పనికిరాదు: గ్యాసూ కరెంటూ రెండు స్విచ్‌లూ ఆపి, నీళ్ళు చల్లారే దాకా ఆగి, ప్రెషర్ రిలీఫ్ వాల్వ్ ఎత్తి ఒత్తిడి పోనిచ్చి, ఆ తర్వాతే కింద ప్లగ్ విప్పాలి. వేడి మీద విప్పితే మరిగే నీళ్ళు మీద పడతాయి. మీది సబర్బన్ హీటర్ అయితే ఆ ప్లగ్‌కే యానోడ్ రాడ్ ఉంటుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను అరిగిపోవడమే దాని పని. బయటికి తీశాక నమిలేసిన చెరకు పిప్పిలా కనిపిస్తే కొత్తది వేయండి. డొమెటిక్ వాళ్ళ అల్యూమినియం ట్యాంకు అయితే మామూలు ప్లాస్టిక్ ప్లగ్గే, రాడ్ ఉండదు.

హీటర్ ఖాళీ అయ్యాక దాని వెనక బైపాస్ వాల్వ్ తిప్పండి. తిప్పకపోతే యాంటీఫ్రీజ్ 6 గ్యాలన్లు ఆ ట్యాంకులోకే పోతుంది. బైపాస్ చేస్తే మొత్తం బండికి రెండు మూడు గ్యాలన్లు సరిపోతుంది. వాటర్ ఫిల్టర్ తీసేయండి. బండి కింద రెండు పైపు కొసలు పక్కపక్కనే కిందికి చూస్తూ ఉంటాయి, వాటిని లో పాయింట్ డ్రెయిన్ అంటారు. వేడి లైనుకి ఒకటి, చల్ల లైనుకి ఒకటి. రెండూ తెరిచి, నీళ్ళన్నీ పోయాక మూసేయండి.

ఇప్పుడు పంపు దగ్గరి గొట్టాన్ని యాంటీఫ్రీజ్ డబ్బాలో పెట్టి పంపు ఆన్ చేయండి. ప్రతి కుళాయీ, వేడి వైపు ఒకసారి, చల్ల వైపు ఒకసారి, చిక్కటి గులాబీ రంగు వచ్చేదాకా. టాయిలెట్ మర్చిపోవద్దు. బయటి షవర్ అసలే మర్చిపోవద్దు, అది చిన్న తలుపు వెనక ఉంటుంది కాబట్టి చాలామందికి గుర్తురాదు. సింకులు, షవర్ కింద ట్రాపుల్లో (నీళ్ళు నిలిచే వంపు పైపులు) ఒక్కో కప్పు పోయండి. గ్రే, బ్లాక్ ట్యాంకుల్లో కూడా కొంచెం పోస్తే గేట్ వాల్వుల రబ్బరు ఎండకుండా ఉంటుంది.

సౌత్‌బెండ్_స్పానర్ (ఇండియానా), అక్టోబరు 6

పై పోస్టుకి ఒక ముఖ్యమైన మాట కలుపుతాను. డబ్బా మీద మైనస్ 50 అని రాసి ఉంటుంది కదా, అది పైపు పగలకుండా కాపాడే హద్దు. ద్రవం మాత్రం అంతకంటే చాలా ముందే, 10, 20 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే, ముద్దగా మారడం మొదలుపెడుతుంది. అది మామూలే, కంగారు పడొద్దు. అసలు ప్రమాదం పైపులో మిగిలిన నీళ్ళతో కలిసి పలచబడటం. అందుకే ముందు బాగా ఖాళీ చేయాలి. మిన్నెసోటా కాబట్టి మైనస్ 100 రకం దొరికితే అదే కొనండి.

లేబుల్ తిప్పి చదవండి. ప్రొపిలీన్ గ్లైకాల్ ఉన్నది కావాలి. చవక డబ్బాల్లో కొన్నిట్లో ఇథనాల్ కలుపుతారు, అది మంట అంటుకునే గుణం ఉన్నది, రబ్బరు సీళ్ళని ఎండగడుతుంది. కారు రేడియేటర్‌లో పోసే ఇథిలీన్ గ్లైకాల్ అయితే విషం. తాగునీటి లైనులో దాని చుక్క కూడా పడకూడదు.

ఫ్రిస్కో_గోదారి (టెక్సాస్), అక్టోబరు 7

మేం ఇక్కడ కంప్రెసర్‌తో గాలి ఊదేసి వదిలేస్తాం. యాంటీఫ్రీజ్ వాడం, వసంతంలో ఆ రుచి పోయేదాకా కడుక్కునే బాధ ఉండదు. మీరూ అలా చేయొచ్చు కదా?

ఉత్తర_తీరం, అక్టోబరు 7

డల్లాస్‌కి చాలేమో బ్రదర్, ఇక్కడ చాలదు. గాలి ఎంత ఊదినా పైపు వంగిన చోట, పంపు తలలో కాస్త నీరు నిలుస్తుంది. మీ దగ్గర ఒక రాత్రి గడ్డకట్టి మర్నాడు కరిగిపోతుంది. ఇక్కడ వారాల తరబడి సున్నా సెల్సియస్ దాటదు.

సౌత్‌బెండ్_స్పానర్, అక్టోబరు 7

నా పద్ధతి రెండూ. ముందు గాలి, తర్వాత గులాబీ. గాలి ఊదేటప్పుడు రెగ్యులేటర్ 40 పీఎస్‌ఐ దాటనివ్వొద్దు, ఒక కుళాయి తెరిచి ఉంచే ఊదాలి. అన్నీ మూసి 90, 100 పెడితే చలి చేయాల్సిన పని మనమే చేసినట్టు. గాలితో నీళ్ళు పోయాక యాంటీఫ్రీజ్ పలచబడదు, తక్కువ పడుతుంది కూడా.

ఎల్క్‌హార్ట్ మాకు పక్కనే. ఈ దేశంలో తయారయ్యే ట్రెయిలర్లలో ఎక్కువ భాగం ఆ చుట్టుపక్కలే పుడతాయి. రిపేరుకొచ్చే బళ్ళలో చలి దెబ్బ తిన్నవి చూస్తుంటాను. చాలావాటిలో దెబ్బ ఒకేచోట, టాయిలెట్ వాల్వ్ దగ్గర. పెడల్ నొక్కి గులాబీ రంగు కనబడేదాకా పట్టుకోండి, అర నిమిషం పని.

ఫ్రిస్కో_గోదారి, అక్టోబరు 7

ఒప్పుకుంటాను. 2021 ఫిబ్రవరిలో డల్లాస్‌లో మైనస్ 2 ఫారెన్‌హీట్ దాకా పడిపోయింది. ఆ వారం మా వీధిలో ఒకాయన ట్రెయిలర్‌లో షవర్ మిక్సర్, హీటర్ ట్యాంకు రెండూ పోయాయి. గాలి కూడా ఊదలేదు పాపం, టెక్సాస్‌లో ఎందుకులే అనుకున్నాడు. మన తెలుగువాళ్ళు ఇటువైపు కూడా చాలామంది ఈ బళ్ళు కొంటున్నారు, వాళ్ళూ ఈ చర్చ చదవాలి.

బఫెలో_బాబాయ్ (న్యూయార్క్), అక్టోబరు 8

మంచు బరువు గురించి అడిగావు కదా తమ్ముడూ. మంచు ఎన్ని అడుగులు పడిందన్నది కాదు లెక్క, అందులో నీళ్ళెంత అన్నదే. ఒక అంగుళం నీళ్ళు చదరపు అడుగుకి సుమారు 5.2 పౌన్లు. నీ బండి కప్పు 8 అడుగులు ఇంటూ 22 అనుకో, 176 చదరపు అడుగులు. అంటే ఒక్క అంగుళం నీటికి సమానమైన మంచు 900 పౌన్లు దాటుతుంది. పొడి మంచు పది పన్నెండు అంగుళాలు పడితే ఆ ఒక్క అంగుళం నీళ్ళు. అదే తడి మంచు అయితే ఐదారు అంగుళాలకే ఆ బరువు వస్తుంది. 2022 నవంబరులో మా పక్కన ఆర్చర్డ్ పార్క్‌లో ఒక్క తుఫానులోనే 80 అంగుళాలు పడింది. అప్పుడు జనం ఇళ్ళ కప్పుల కోసమే పరిగెత్తారు, ట్రెయిలర్లని పట్టించుకునే తీరిక ఎవరికుంది.

మీ ఊళ్ళో అంత పడదు, ఉన్నది చాలావరకు పొడి మంచు. అయినా ఒక అడుగు దాటితే వెళ్ళి దింపెయ్. పైకెక్కొద్దు. మంచు కింద స్కైలైట్ ఎక్కడుందో కనపడదు, కాలు జారిందంటే అంతే. పొడుగు కర్రకి మెత్తటి ఫోమ్ ఉన్న రూఫ్ రేక్ దొరుకుతుంది, నేల మీద నిలబడి లాగు. అడుగున రెండంగుళాలు వదిలెయ్. మొత్తం గీకబోయి రబ్బరు పొర చీరుకున్నావంటే మంచు చేసే నష్టం కంటే అదే ఎక్కువ.

అంతకంటే ముందు, ఈ వారమే, ఎండున్న రోజు చూసుకుని నిచ్చెన వేసి కప్పు అంచులు చూడు. వెంట్ల చుట్టూ, యాంటెన్నా కింద, ముందు వెనక అతుకుల దగ్గర తెల్లటి సీలెంట్ పూసి ఉంటుంది. దాన్ని వేలితో తట్టి చూడు. వెంట్రుక మందం పగులు ఉన్నా వదలొద్దు. పగలు కరిగిన నీరు అందులోకి దిగుతుంది, రాత్రి గడ్డకట్టి పగులుని వెడల్పు చేస్తుంది, మర్నాడు ఇంకాస్త లోపలికి పోతుంది. చలికాలమంతా ఇదే తంతు. చివరికి లోపల ప్లైవుడ్ మెత్తబడి గోడ ఉబ్బుతుంది. అక్కడ తుడిచి, ఆరబెట్టి, డైకార్ సెల్ఫ్ లెవెలింగ్ సీలెంట్ వెయ్. ఈపీడీఎం రబ్బరు కప్పు అయితే పెట్రోలియం కలిసిన క్లీనర్ తగలనివ్వకు. పగటి పూట 50 డిగ్రీలు దాటే రోజులు మీకు ఇంకెన్నో లేవు, ఆలస్యం చేయకు.

బండి నిలిపేటప్పుడు ముందు జాకీ కొంచెం ఎత్తి పెట్టు. కరిగిన నీరు నిలవకుండా వెనక్కి పోతుంది.

కొత్త_బండి, అక్టోబరు 8

బాబాయ్, వివరంగా చెప్పారు, చాలా థాంక్స్. కవర్ కూడా మీరే తేల్చేయండి.

బఫెలో_బాబాయ్, అక్టోబరు 8

కవరే మంచిది. గాలి ఆడే గుడ్డ కవర్, నీ బండి కొలతకి తీసుకున్నది. నీలం టార్పాలిన్ మాత్రం కప్పకు. లోపలి తేమ బయటికి పోదు, గాలికి కొట్టుకుని కొట్టుకుని రంగు గీకేస్తుంది.

ఉత్తర_తీరం, అక్టోబరు 8

బాబాయ్ గారితో ఇక్కడ నేను ఒప్పుకోను. ఇంటి పక్కన, గాలి తగలని చోట అయితే కవర్ బావుంటుంది. ఓపెన్ లాట్‌లో, చుట్టూ చెట్టూ గోడా లేని కంకర నేల మీద, మంచి కవర్ కూడా పట్టీలు వదులై ఆడుతుంది. వారానికోసారి వెళ్ళి బిగించేవాళ్ళు ఎంతమంది? పైగా సీలెంట్ ఎక్కడ చెడిందో కవర్ కింద కనపడదు, మంచు దింపడం కూడా కష్టం. కప్పు సీళ్ళు బాగుంటే నేను కవర్ లేకుండానే వదులుతాను. వేయక తప్పదనుకుంటే గట్టర్ కొసలకి, నిచ్చెన మూలలకి ఫోమ్ తొడిగి అప్పుడు వేయండి, లేకపోతే ఆ కొసల దగ్గరే చినుగుతుంది.

కాల్గరీ_చలి (ఆల్బర్టా), అక్టోబరు 9

మాకు షినూక్ అనే వెచ్చటి కొండగాలి వస్తే మైనస్ 20 సెల్సియస్ నుంచి కొన్ని గంటల్లోనే ప్లస్‌లోకి వెళ్ళిపోతుంది. ఆ పూట లోపలి గోడలన్నీ చెమర్చుతాయి. అందుకని కవర్ వేసినా వేయకపోయినా గాలి ఆడాలి. రూఫ్ వెంట్ మీద ప్లాస్టిక్ గూడు ఉంటే వెంట్‌ని ఒక అంగుళం తెరిచి ఉంచండి. పరుపులు, సీటు కుషన్లు గోడకి ఆనకుండా నిలబెట్టండి. ఫ్రిజ్ తుడిచి తలుపు తెరిచి కట్టేయండి, మూసి వదిలితే ఏప్రిల్‌లో ఆ వాసన భరించలేరు. స్లైడ్ (బయటికి జరిగే గది భాగం) ఉంటే లోపలికి లాగేసి పెట్టాలి.

బ్యాటరీ సంగతి ఎవరూ చెప్పలేదు. లెడ్ యాసిడ్ అయితే, నిండా చార్జ్ అయి ఉన్నది మైనస్ 50 సెల్సియస్‌కి కూడా గడ్డకట్టదు. ఖాళీ అయినదైతే మైనస్ 7 దగ్గరే గడ్డకట్టి పెట్టె పగులుతుంది. "మెయిన్ స్విచ్ ఆపేశాం కదా" అని వదలొద్దు. గ్యాస్ లీక్ డిటెక్టర్ లాంటివి కొన్ని బళ్ళలో ఆ స్విచ్‌తో సంబంధం లేకుండా నేరుగా కలిపి ఉంటాయి, కొద్దికొద్దిగా లాగుతూనే ఉంటాయి. మీ లాట్‌లో కరెంటు లేదన్నారు కాబట్టి బ్యాటరీ విప్పి ఇంటికి తెచ్చుకోండి. వైర్లు విప్పేముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి, ఏది ఎక్కడో వసంతంలో వెతుక్కోనక్కర్లేదు. గ్యారేజీలో పెట్టి అప్పుడప్పుడు మీటర్ పెట్టి చూడండి, 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. లిథియం అయితే సగం చార్జ్‌లో పెట్టండి, సున్నా సెల్సియస్ కంటే చల్లగా ఉన్నప్పుడు మాత్రం చార్జ్ చేయొద్దు, సెల్స్ శాశ్వతంగా చెడతాయి.

గ్యాస్ సిలిండర్లు వాల్వ్ మూసి బండి మీదే ఉంచేయండి. బేస్‌మెంట్‌లోకి, గ్యారేజీలోకి తేవద్దు.

నోవై_వంటిల్లు (మిషిగన్), అక్టోబరు 9

అన్నయ్యలందరూ పైపులూ బ్యాటరీలూ చెప్పారు, ఎలుకల మాట ఎవరూ ఎత్తలేదు! చుట్టూ పొలాలున్న లాట్‌లో చలి మొదలవగానే చిట్టెలుకలకి మీ ట్రెయిలరే ఇల్లు. పావు అంగుళం సందు ఉంటే చాలు వాటికి.

మన బళ్ళలో ఉండే తిండి వేరు, అందుకే ఇంకా జాగ్రత్తగా చూడాలి. బియ్యం డబ్బా తీసేస్తాం గానీ డైనెట్ (తినే బల్ల) సీటు కింద రాలిన జంతికల పొడి, అటుకులు అలాగే ఉంటాయి. సీటు తిరగేసి వాక్యూమ్ పెట్టండి. అరలో దేవుడి పటం దగ్గర పటికబెల్లం, ఎండుకొబ్బరి ముక్క, నూనెలో తడిపిన వత్తుల డబ్బా ఉంటాయి చూడండి, అవి ముందు తీయండి. నూనె, నెయ్యి అంటిన వత్తి అంటే వాటికి పండగే. పచ్చడి సీసాలు, కూల్‌డ్రింక్ క్యాన్లు, పిల్లల షాంపూ, నీళ్ళ బాటిళ్ళు ఏవీ ఉంచొద్దు, గడ్డకట్టి పగిలి మరకలవుతాయి. టిష్యూలు, పేపర్ టవల్స్ కూడా ఇంటికి తెచ్చేయండి, గూడు కట్టుకునేది వాటితోనే.

సందులు వెతకడానికి మా ఇంట్లో చేసే పద్ధతి: రాత్రి పూట ఒకరు లోపల టార్చి పట్టుకుని సింకు కింద, హీటర్ వెనక, పైపులు నేలలోకి దిగే చోట వెలుగు వేయాలి. ఇంకొకరు బయట బండి కింద పడుకుని చూడాలి. ఎక్కడ వెలుగు కనిపిస్తే అక్కడ సందు. పవర్ కార్డ్ బయటికొచ్చే చిన్న తలుపు దగ్గర మాత్రం తప్పకుండా ఉంటుంది. స్టీల్ ఊల్ కుక్కితే తడికి తుప్పు పట్టి గోడ మీద కారుతుంది. రాగి మెష్ కుక్కి పైన సీలెంట్ వేయండి.

కొత్త_బండి, అక్టోబరు 9

అక్కా, దేవుడి పటం దగ్గర వత్తుల డబ్బా నిజంగానే ఉంది! పుదీనా నూనె చల్లితే రావంటారు, నాఫ్తలీన్ ఉండలు వేస్తే పోతాయంటారు. నిజమేనా?

నోవై_వంటిల్లు, అక్టోబరు 9

పుదీనా వాసన నాలుగు రోజుల్లో ఎగిరిపోతుంది తమ్ముడూ, ఆర్నెల్లు ఎక్కడ ఆగుతుంది. నాఫ్తలీన్ మాత్రం వద్దే వద్దు. ఆ వాసన పరుపుల్లో పట్టేస్తే వేసవంతా పోదు, పిల్లలు అందులోనే పడుకోవాలి, ఆ ఆవిరి ఒంటికి మంచిది కాదు. సందులు మూసి, లోపల రెండు మూడు బోన్లు పెట్టండి.

ఒకవేళ వసంతంలో ఎలుక పెంటికలు కనిపిస్తే చీపురుతో ఊడవొద్దు, వాక్యూమ్ పెట్టొద్దు. ఆ దుమ్ము పీలిస్తే హంటావైరస్ ప్రమాదం ఉంది. తలుపులు తెరిచి కాసేపు గాలాడనిచ్చి, గ్లవ్స్, మాస్క్ వేసుకుని, బ్లీచ్ కలిపిన నీళ్ళు చల్లి నాననిచ్చి, పేపర్ టవల్‌తో ఎత్తి పారేయండి.

వుడ్‌బరీ_వాసి (మిన్నెసోటా), అక్టోబరు 10

లాట్ గురించి నాకు తెలిసింది చెప్తాను, నేనూ ఇలాంటి చోటే పెడతాను. చోటు ఎంచుకునే వీలుంటే నాగలి బండి మంచు తోసి కుప్ప పోసే మూల వద్దు. కుప్ప వెనక ఇరుక్కుంటే ఏప్రిల్ దాకా బండి దగ్గరికే వెళ్ళలేరు. చెట్టు కింద కూడా వద్దు, కొమ్మ విరిగితే నేరుగా కప్పు మీదే. తలుపు వైపు మనిషి నడిచే దారి ఉందో లేదో చూసుకోండి.

కంచె, కెమెరా ఉన్నాయని నమ్ముకోవద్దు. నేను ఇంతకుముందు పెట్టిన లాట్‌లో కెమెరా ఉంది గానీ రికార్డు అవుతోందో లేదో చూసేవాళ్ళు లేరు, పక్క బండి మాయమైంది. హిచ్ కప్లర్‌కి మంచి లాక్, చక్రానికి ఒక బూట్ లాక్ వేయండి. విన్ నంబరు (బండి గుర్తింపు నంబరు), బండి నాలుగు వైపులా ఫొటోలు ఇంట్లో ఉంచుకోండి. చలికాలంలో ఎలాగూ తిప్పం కదా అని ఇన్సూరెన్స్ మొత్తం ఆపేయొద్దు. దొంగతనానికి, మంచు నష్టానికి పనికొచ్చే కాంప్రెహెన్సివ్ ఉంచి, మిగతాది తగ్గించొచ్చేమో మీ ఏజెంట్‌ని అడగండి. లోన్ ఉంటే బ్యాంకు షరతు కూడా చూడండి.

టైర్ల కింద చెక్క పలకలు వేసి, సైడ్‌వాల్ మీద రాసిన గరిష్ఠ ప్రెషర్ దాకా గాలి కొట్టండి. చలికి ఎలాగూ తగ్గుతుంది. సెకండ్‌హ్యాండ్ బండి అన్నారు కాబట్టి టైరు మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చదవండి. 3518 అని ఉంటే 2018లో 35వ వారంలో చేసింది. ట్రెయిలర్ టైర్లు గాడి అరగకముందే లోపల ఎండిపోతాయి, ఐదారేళ్ళు దాటితే వసంతంలో మార్చేయడం మంచిది. చక్రాలకి రెండు వైపులా దిమ్మలు పెట్టాకే హిచ్ విప్పండి.

కొత్త_బండి, అక్టోబరు 11

ఇవాళ పగలంతా ఇదే పని. ఎండ బాగుంది. వెనక వెంట్ దగ్గర బాబాయ్ చెప్పినట్టే సన్నటి పగులు కనిపించింది, సీలెంట్ వేశాను. రాత్రి మా ఆవిడ లోపల టార్చి వేస్తే నేను కింద నుంచి చూశాను, మూడు చోట్ల వెలుగొచ్చింది. లో పాయింట్ డ్రెయిన్లు దొరికాయి. టైరు మీద 2216 ఉంది, అంటే మార్చక తప్పదు. లాట్‌లో గాలి ఎక్కువ కాబట్టి కవర్ లేకుండానే వదులుదామని నిర్ణయించుకున్నాం. బాబాయ్, కోపం తెచ్చుకోకండి.

రెండు సందేహాలు మిగిలాయి. హీటర్ సబర్బన్‌దే, ఆ రాడ్ ఎంత తిప్పినా కదలట్లేదు. వసంతంలో ఈ గులాబీ అంతా ఎలా కడగాలి?

బఫెలో_బాబాయ్, అక్టోబరు 11

కోపమెందుకు, ఆ పగులు మూశావు, అదే పెద్ద పని. ప్రతి పెద్ద మంచు తర్వాత ఒకసారి వెళ్ళి చూసిరా.

సౌత్‌బెండ్_స్పానర్, అక్టోబరు 11

వసంతంలో మంచినీళ్ళతో అన్ని కుళాయిలూ రంగు పోయేదాకా వదలండి. తర్వాత ఫ్రెష్ ట్యాంకులో ప్రతి 15 గ్యాలన్ల నీళ్ళకి పావు కప్పు వాసన కలపని ఇంటి బ్లీచ్ వేసి, ప్రతి కుళాయిలో ఆ వాసన వచ్చేదాకా పంపు నడిపి, రాత్రంతా ఉంచి, వదిలేసి మళ్ళీ మంచినీళ్ళతో కడగండి. ఈ బ్లీచ్ పని అయ్యాకే కొత్త ఫిల్టర్ వేయండి. హీటర్ ట్యాంకు నీళ్ళతో నిండిందని వేడి కుళాయిలో ధార చూశాకే కరెంటు స్విచ్ వేయండి. ఖాళీ ట్యాంకు మీద వేస్తే ఎలిమెంట్ క్షణాల్లో కాలిపోతుంది.

రాడ్‌కి 1-1/16 అంగుళాల సాకెట్, పొడుగాటి బ్రేకర్ బార్ కావాలి. చిన్న రెంచ్‌తో ప్రయత్నిస్తే తల అరిగిపోతుంది. తిరిగి బిగించేటప్పుడు టెఫ్లాన్ టేప్ చుట్టండి.

వుడ్‌బరీ_వాసి, అక్టోబరు 11

సాకెట్, బార్, చిన్న కంప్రెసర్ మూడూ నా దగ్గరున్నాయి. మేపుల్ గ్రోవ్ మాకు అరగంటే. శనివారం పొద్దున తొమ్మిదింటికి వస్తాను, అడ్రస్ ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టండి. హీటర్ శుక్రవారం రాత్రే ఆపేసి ఉంచండి. యాంటీఫ్రీజ్ నాలుగు గ్యాలన్లు కొనండి, ఒకటి మిగిలితే ట్రాపుల్లోకి పనికొస్తుంది.